35 గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ 35 పీఎస్‌ఐ (టైరులో గాలి ఒత్తిడి కొలత) గారికి,
బెజవాడ నుంచి నమస్కరించి రాయునది.

మా ఊరి బంకుల్లో మీకు దక్కే మర్యాద ఇంకెవరికీ దక్కదు. గాలి పైపు పట్టుకున్న కుర్రాడు "ఎంత పెట్టమంటారు సార్?" అనడమే ఆలస్యం, లోపలాయన అద్దం సగం దించి మీ పేరే చెబుతాడు. చిన్న కారుకీ మీరే, ఏడు సీట్ల బండికీ మీరే. తలనొప్పికీ నడుంనొప్పికీ ఒకటే అమృతాంజనం.

డ్రైవర్ తలుపు తెరిస్తే పిల్లర్ మీద, కొన్ని బళ్లలో పెట్రోల్ మూత లోపల, ఒక స్టిక్కరు ఉంటుంది. ముందు టైర్లకెంత, వెనకవాటికెంత, ముగ్గురుంటే ఎంత, అయిదుగురూ సామానూ ఎక్కితే ఎంత అని గళ్లు గీసి మరీ రాసి ఉంటుంది. కొత్త బండికి పూజ చేసిన రోజున కూడా పాపం దానికో కుంకుమ బొట్టు దక్కలేదు.

స్టిక్కరు మీదే 35 ఉన్న బళ్లలో మీరు సొంతింట్లో ఉన్నట్టే, పేచీ లేదు. 29 చాలన్న బండిలో మీరు దూరితే టైరు నడుమ ఉబ్బి మధ్యలోనే అరుగుతుంది, గుంతలన్నీ నడుముకు తెలుస్తాయి. 38 అడిగే బండికి మీరు చాలరు, రెండు అంచులూ అరుగుతాయి.

అసలు గొడవ మీరొచ్చే వేళ గురించి. స్టిక్కరు అంకె చల్లటి టైరుది. అంటే బండి కనీసం మూడు గంటలు కదలకుండా నీడలో ఉండాలి, లేదా ఒకటిన్నర కిలోమీటరుకు మించి నడిచి ఉండకూడదు. మనవాళ్లకేమో గుంటూరులో బయల్దేరి, కాజ టోల్‌గేటు దాటి, వారధి దిగాక బంకు గుర్తొస్తుంది. పొద్దున 33 ఉన్న టైరు అప్పటికి 37 చూపిస్తుంది. "ఎక్కువైంది సార్" అంటూ కుర్రాడు రెండు తీసేసి మిమ్మల్ని కూర్చోబెడతాడు. మర్నాడు పొద్దున చూస్తే 31. మీరూ లేరు, స్టిక్కరు చెప్పిన 33 కూడా లేదు. వేడి టైరులోంచి గాలి తీయకూడదు. తప్పక వేడిమీదే కొట్టించాల్సి వస్తే స్టిక్కరు అంకెకు మూడో నాలుగో కలిపి పెట్టించి, మర్నాడు ఇంటి దగ్గరే చూసుకోవాలి. అందుకు గాలి కొలిచే సొంత గేజి ఉండాలి. బంకు పైపు గేజి రోజుకు ఎన్నిసార్లు నేల మీద పడుతుందో చూసినవాళ్లు దాన్ని నమ్మరు.

రోహిణి కార్తె వస్తే మీకూ అవమానమే. "ఎండకు టైరు పేలుద్ది, 28 పెట్టు" అని సలహా ఇచ్చేవాళ్లు లేస్తారు. రోళ్లు పగిలే ఎండే, కాదనం. కానీ పేల్చే పని ఎక్కువగా ఆ 28 చేస్తుంది. గాలి తక్కువైతే టైరు పక్కగోడ ప్రతి చుట్టుకూ మరింత వంగి లేస్తుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచి చూడండి, వంచిన చోట కాలుతుంది. టైరులోనూ అదే కథ: రబ్బరు ఉడికి, లోపలి దారపు పొరలు విడిపోతాయి. పైన అయిదుగురి బరువు, కింద మండే హైవే, స్పీడు ముల్లు నూరు మీద. ఎండ వల్ల పెరిగేదెంత? పది డిగ్రీలకు ఒకటిన్నర, రెండు పీఎస్‌ఐ. ఆ పెరుగుదలను లెక్కలో వేసుకునే స్టిక్కరు రాశారు.

టైరు గోడ మీదున్న 44, 51 చూసి మీ పదవికి ఎసరొచ్చిందని కంగారు పడకండి. అవి దాటకూడని హద్దులు, పెట్టాల్సిన అంకెలు కావు. మామూలు గాలికి బదులు డబ్బు తీసుకుని నింపి, వాల్వుకు పచ్చ టోపీ పెట్టే నైట్రోజన్ గారి సంగతి సరేసరి. ఉత్త గాలిలోనే 78 శాతం ఆయనే ఉన్నాడు, దానికి బంకులో డబ్బు తీసుకోరు.

డిక్కీలో స్టెప్నీ ఒకటుంది. దాని దగ్గర మాత్రం మీ పేరు ఎవరూ ఎత్తరు, దాని పేరూ ఎత్తరు. గాలి తనంతట తనే నెలకు ఒకటో రెండో తగ్గుతుంది కదా, ఏడాదిన్నరగా మూత తీయని దాంట్లో ఎంత మిగిలి ఉంటుందో మీరే లెక్కేయండి. సన్నటి స్టెప్నీ అయితే దాని మీద 60 అని రాసి ఉండొచ్చు. ఒకవేళ అక్కడికీ మిమ్మల్ని పంపిస్తే, దయచేసి వెళ్లకండి.

ఇట్లు,
స్టిక్కరు తరఫు వకాల్తాదారు