సవరణ: పుట్టింది బిడ్డ కాదు, ఎలుక పిల్లలు

ల్యాబ్‌లో పెంచిన వీర్యకణాలతో బిడ్డ పుట్టిందని మొన్న పోస్టు పెట్టాను. అది తప్పు. 2011లో జపాన్‌లోని యోకొహామా సిటీ యూనివర్సిటీ వాళ్ల పరిశోధన అది, ‘నేచర్’ పత్రికలో వచ్చింది. పసి ఎలుకల వృషణాల నుంచి చిన్న ముక్కలు తీసి, పోషక ద్రవం పీల్చుకున్న జెల్ దిమ్మ మీద, పైన గాలి తగిలేలా ఉంచి పెంచారు. అలా తయారైన కణాలను అండాల్లోకి ఎక్కిస్తే ఆరోగ్యంగా ఎలుక పిల్లలు పుట్టాయి. మనుషుల్లో ఇలా బిడ్డ పుట్టిన దాఖలా లేదు.

“విజయవాడ సూర్యారావుపేటలో ఎక్కడ చేస్తారన్నా?” అని అడిగినవాళ్లకు: ఎక్కడా చేయరు. ఐవీఎఫ్ సెంటర్లలో చేసే ‘మైక్రో టీసే’ (micro-TESE) అనే ఆపరేషన్ వేరు. అందులో వృషణంలో అప్పటికే ఉన్న వీర్యకణాలనే మైక్రోస్కోప్‌తో వెతికి తీస్తారు, కొత్తగా పెంచరు. పెంచి ఇస్తామని ఎవరైనా అడ్వాన్స్ అడిగితే మాత్రం ఇవ్వకండి.