అగ్గిపెట్టె గారికి ఒక బహిరంగ విన్నపం

గౌరవనీయులైన అగ్గిపెట్టె గారికి,

నమస్కారములు. మతగ్రంథాన్ని నిరసనగా తగలబెట్టడం భావప్రకటనా స్వేచ్ఛ అవుతుందా, ద్వేషం అవుతుందా అన్న ప్రశ్న మీద పోలీసులు, న్యాయమూర్తులు, ప్రధానమంత్రులు, రాయబారులు, చివరకు జెనీవాలోని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి కూడా తలా ఒక మాట చెప్పేశారు. మంట పెట్టే వృత్తిలో తరతరాలుగా ఉన్నది మీరే అయినా, మిమ్మల్ని పిలిచి వాంగ్మూలం తీసుకోవాలని ఎవరికీ తోచలేదు. ఆ మర్యాద లోపాన్ని సరిదిద్దడానికే ఈ లేఖ రాస్తున్నాను.

తమరి పుట్టుపూర్వోత్తరాలు నాకు కొంత తెలుసు. పుల్ల ఒకచోట, రాపిడి పట్టీ మరొకచోట ఉండే ‘సేఫ్టీ’ అగ్గిపెట్టెగా తమరు అవతరించింది స్వీడన్‌లో. 1844లో గుస్తాఫ్ ఎరిక్ పాష్ అనే రసాయన శాస్త్రవేత్త పేటెంటు పొందితే, యోన్‌షోపింగ్ పట్టణంలో లుండ్‌స్ట్రోమ్ సోదరులు తమరిని లోకానికంతటికీ పంచిపెట్టారు. 1923లో విమ్కో పేరుతో మన దేశంలోనూ తమరికి స్వీడిష్ కార్ఖానా వెలిసింది. అటువంటి తమరి జన్మభూమిలోనే 2023 జూన్ 28న, సరిగ్గా బక్రీదు రోజున, ఇరాక్ నుంచి వలస వచ్చిన సల్వాన్ మోమికా అనే వ్యక్తి స్టాక్‌హోమ్‌లోని పెద్ద మసీదు ఎదుట, పోలీసులు అనుమతించిన సభలో, పోలీసుల కాపలా మధ్యనే, ఖురాన్ ప్రతిని కాళ్ల కింద వేసి తొక్కి, పుటల మధ్య పంది మాంసపు ముక్కలు పెట్టి, కొన్ని పేజీలకు నిప్పంటించాడు. తరువాత పోలీసులు అతనిపై రెండు అభియోగాలు నమోదు చేశారు. మొదటిది ఒక జనవర్గంపై ద్వేషాన్ని రెచ్చగొట్టడం. రెండవది, ఎండలు ముదిరినందున ఆ జూన్ మధ్య నుంచి నగరంలో బహిరంగంగా మంట పెట్టరాదన్న నిషేధాన్ని ఉల్లంఘించడం. మొదటి అభియోగం మీద ప్రపంచమంతా రెండుగా చీలిపోయింది. రెండవదాని మీద మాత్రం ఇంతవరకు ఏ దేశ పార్లమెంటులోనూ చర్చ జరిగినట్టు లేదు.

నిప్పు తగిలితేనే పవిత్రత చెడుతుందని వాదించేవారి వల్ల తమరి వంశానికి అన్యాయం జరుగుతోందని నా అభిప్రాయం. సిక్కులు శిథిలమైన గురు గ్రంథ సాహిబ్ ప్రతులను పంజాబులోని గోయింద్వాల్‌లో సకల మర్యాదలతో అగ్నికే అప్పగిస్తారు. ఖురాన్ పాఠం ఒక్కటిగా నిలవాలని మూడవ ఖలీఫా ఉస్మాన్ తక్కిన రాతప్రతులను కాల్పించాడని ఇస్లామిక సంప్రదాయమే చెబుతుంది. మన సంగతి చెప్పనే అక్కరలేదు. చెదలు పట్టిన పంచాంగాన్ని, అద్దం పగిలిన వేంకటేశ్వరస్వామి పటాన్ని చెత్తబుట్టలో వేయడానికి చేతులు రాక, వీధి చివర రావిచెట్టు మొదట్లో వదిలేసి చెంపలు వేసుకుని వస్తాం. ఆ పటం అక్కడే వానకు తడిసి, రంగు కారి, ఎవరి కుక్కకో ఆసరా అయినా మన మనోభావాలు నిక్షేపంగా ఉంటాయి. పైగా ఒకప్పుడు విదేశీ కంపెనీలు మన బజారులో సరుకు చెల్లడం కోసం తమరి నెత్తిన లక్ష్మీదేవినీ కృష్ణుణ్ణీ అచ్చువేసి పంపేవి. పుల్లలు అయిపోయాక ఆ దేవుళ్లు మురుగు కాలువలో పడేవారు. అందుకుగాను ఎవరినైనా అరెస్టు చేసినట్టు నేను వినలేదు.

కాబట్టి విచారించవలసింది మంటను కాదు. ఈ విషయంలో తమరి శరీర నిర్మాణమే మా చట్టసభలన్నింటికంటే తెలివైనదని మనవి చేసుకుంటున్నాను. పుల్ల తలలో పొటాషియం క్లోరేటు ఉంటుంది, పెట్టె పక్కన ఎర్ర భాస్వరం ఉంటుంది, ఆ రెండూ రాసుకునేదాకా ఏదీ తనంతట తాను మండదు. పుస్తక దహనమూ అంతే, ఎవరి గోడకు రాసి గీశారన్నదే అసలు సంగతి. మోమికా అదే పనిని తన వంటింట్లో, తన డబ్బుతో కొన్న ప్రతితో చేసి ఉంటే పొగ వాసన పట్టిన పక్కింటివారు తప్ప ఎవరూ పట్టించుకునేవారు కారు. పండుగ నమాజుకు వచ్చిన జనం ఎదుట, మసీదు గుమ్మంలో గీయాలనుకోవడంలోనే అతను ఎవరితో మాట్లాడదలచాడో, ఏమి చెప్పదలచాడో తెలిసిపోతుంది.

అయితే మహాడ్ మాటేమిటని తమరు అడగవచ్చు, అడగాలి కూడా. 1927 డిసెంబరు 25న కొంకణ ప్రాంతంలోని ఆ ఊరిలో, గొయ్యి తవ్వి, గంధపు చెక్కలు పేర్చి, అంబేద్కర్ నాయకత్వంలో మనుస్మృతిని దహనం చేశారు. దహనం చేయాలన్న తీర్మానాన్ని ప్రతిపాదించినది సహస్రబుద్ధే అనే బ్రాహ్మణుడే. అదే సంవత్సరం మార్చిలో ఆ ఊరి చవదార్ చెరువు నీళ్లు తాగిన నేరానికి అంటరానివారిని కొట్టి, ఆపైన గోమూత్రం, పేడ వంటివి కలిపి చెరువును ‘శుద్ధి’ చేసిన పెద్దమనుషులకు ధర్మం చెప్పింది ఏ పుస్తకమో, ఆ పుస్తకాన్నే ఆ చెరువు నీళ్లు దొరకని మనుషులు కాల్చారు. ఎవరి గుడి గుమ్మంలోనూ కాల్చలేదు, ఎవరి పండుగ భోజనం మధ్యలోనూ కాల్చలేదు. తమ మెడ మీద కాలుపెట్టిన పుస్తకాన్ని కాల్చడమూ, పొరుగువాడి గుండెకు హత్తుకున్న పుస్తకాన్ని వాడి కళ్లెదుటే కాల్చడమూ ఒకే చట్టంలోని ఒకే సెక్షను కింద ఇమిడిపోవచ్చు గాని, ఒకే పని కావు.

ఇక్కడ నా వాదనకు ఒక ముల్లు ఉంది, దాచను. మోమికా ఇరాక్‌లోని క్రైస్తవ అల్పసంఖ్యాక కుటుంబం నుంచి వచ్చినవాడు. ఇస్లామిక్ స్టేట్ మూకలు 2014లో ఉత్తర ఇరాక్‌లోని క్రైస్తవులను ఇళ్ల నుంచి ఎలా తరిమాయో లోకానికి తెలుసు. అదే పుస్తకాన్ని అతను ఆ మూకల ఏలుబడిలో ఉన్న ఆనాటి మోసుల్ నగరం నడిబజారులో కాల్చి ఉంటే నేను దానిని మహాడ్ పక్కన నిలబెట్టడానికి వెనుకాడేవాణ్ణి కాదు. స్టాక్‌హోమ్‌లో మాత్రం అతని ఎదుట ఉన్నది ఆ మూకల ఖలీఫా కాదు, పండుగ బట్టలు వేసుకుని పిల్లలతో వచ్చిన వలస కుటుంబాలు. లండన్‌లో 2025 ఫిబ్రవరిలో తుర్కియే (టర్కీ) కాన్సులేటు ఎదుట ఖురాన్ కాల్చిన మరొక వ్యక్తికి కింది కోర్టు 240 పౌండ్ల జరిమానా వేస్తే, ఆ అక్టోబరులో పైకోర్టు ఆ శిక్షను కొట్టివేసింది. అతని మాటలు నాకు రుచించకపోయినా ఆ తీర్పు సబబేననిపిస్తుంది, ఎందుకంటే గీత పడింది ఒక ప్రభుత్వం గోడ మీద.

తమరి జన్మభూమిలోని న్యాయస్థానాలు కూడా తడుముకుంటూ ఈ దారికే వచ్చాయి. 2023 అక్టోబరులో లిన్‌షోపింగ్ కోర్టు, కుంపటి మీద ఖురాన్‌నూ పంది మాంసాన్నీ కలిపి కాల్చి వీడియో తీసిన ఒకరిని శిక్షించింది. ఆ వీడియోకు జోడించినది న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో జనాన్ని తుపాకీతో చంపిన హంతకుడితో ముడిపడిన పాట కావడంతో, మతవిమర్శ అన్న అతని సాకు చెల్లలేదు. నిప్పు తప్పించుకున్నా పాట పట్టించిందన్నమాట. డెన్మార్క్ మాత్రం ఇంత శ్రమ పడలేదు. 2017లో దైవదూషణ చట్టాన్ని ఘనంగా రద్దుచేసిన ఆ పార్లమెంటే, 2023 డిసెంబరులో 94 ఓట్లతో, 77 మంది వద్దంటున్నా, మతగ్రంథాలను బహిరంగంగా అవమానిస్తే రెండేళ్ల వరకు జైలు అని కొత్త చట్టం చేసుకుంది. జెనీవాలో ఖురాన్ దహనాలను ఖండించే తీర్మానానికి అనుకూలంగా పడిన 28 ఓట్లలో మన దేశానిది కూడా ఉంది. మనకు ఈ విద్య కొత్త కాదు. మహాడ్‌లో మంట లేచిన 1927లోనే తెల్లదొరల పాలనలో పుట్టిన, మతభావాలను గాయపరిస్తే శిక్షించే 295ఎ సెక్షను ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299గా పేరు మార్చుకుని హాయిగా ఉంది. ఉద్దేశపూర్వకమైన దురాలోచన ఉండాలని ఆ సెక్షను స్పష్టంగా చెబుతున్నా, ఫిర్యాదు చేసేవారికి తమ మనోభావాలు దెబ్బతిన్నాయన్న ఒక్క వాక్యమే చాలుతోంది. మా మనోభావాలు ఏ రాపిడి పట్టీ లేకుండానే అంటుకుంటాయి. సేఫ్టీ విషయంలో తమరితో పోటీపడే స్థితిలో మేము లేము.

నన్ను అడిగితే, కాగితం కాల్చినందుకు ఎవరినీ జైల్లో పెట్టకూడదనే అంటాను. కానీ జైలుకు పంపలేదు గనుక అది ఆలోచన అనీ, వాదన అనీ, ధైర్యసాహసమనీ శాలువా కప్పడం కూడా నాకు చేతకాదు. వాదించదలచినవాడు పుస్తకంలో ఏ పుట తప్పో చూపించాలి, అందుకు ఆ పుట ముందు కాలకుండా మిగిలి ఉండాలి. ఇక అవమానానికి బదులు చెప్పడానికి బయలుదేరిన వారి ఘనత కూడా తక్కువది కాదు. 2023 జూలై 20న బాగ్దాద్‌లోని స్వీడన్ రాయబార కార్యాలయానికి వారు తమరి సాయంతోనే జవాబు చెప్పారు. 2025 జనవరి 29న, ద్వేషాన్ని రెచ్చగొట్టిన కేసులో తీర్పు వెలువడవలసిన రోజుకు ముందు రాత్రి, మోమికాను అతని ఇంట్లోనే తుపాకీతో కాల్చి చంపారు. కొన్ని రోజులకు అదే ద్వేషం కేసులో అతని సహచరుణ్ణి కోర్టు దోషిగా తేల్చింది. మోమికా చేసినది ద్వేషమా కాదా అని నిరూపించే ప్రయత్నాన్ని మాత్రం తుపాకీ మూసివేసింది, ఇప్పుడు అతని అభిమానులు అతణ్ణి అమరవీరుడంటున్నారు.

ఇట్లు,
స్టవ్ వెలిగించుకోవడానికి మాత్రమే తమరిని కొనే
ఒక వినియోగదారుడు

తా.క.: తమరి పోటీదారు లైటరు గారికి కూడా ఒక ప్రతి పంపుదామనుకుని విరమించుకున్నాను. 2023 జూలై 15న స్టాక్‌హోమ్‌లోనే ఇజ్రాయెల్ రాయబార కార్యాలయం ఎదుట తోరానూ బైబిలునూ కాల్చడానికి పోలీసుల అనుమతి పొందిన ఒక ముస్లిం యువకుడు, కెమెరాలన్నీ తన మీదకు తిరిగాక, లైటరును నేల మీదకు విసిరేసి, పవిత్రగ్రంథాలను తాను ఏనాడూ కాల్చనని చెప్పాడు. కాల్చడానికి వచ్చిన అనుమతిని కాల్చకపోవడానికి వాడుకున్న ఆ యువకుడి మీద మంటల నిషేధం కింద కేసు పెట్టే వీలు కూడా పోలీసులకు దక్కలేదు.