ఆ 52 మంది కోసం ఏ రైలూ నడవడం లేదు

"కేవలం 52 మంది ఉన్న కాస్ అనే ఊరికి అమెరికా ప్రభుత్వం ఆవిరి రైలు నడుపుతోంది. మనవాళ్లు మాత్రం వందలమంది ఎక్కే ప్యాసింజర్లను ఎత్తేశారు!" గ్రూపు మారిన ప్రతిసారీ ఈ మెసేజ్ ఒక కొత్త అబద్ధాన్ని ఎక్కించుకుని వస్తోంది. ఇక చాలు.

కాస్ అంటే అమెరికాలోని వెస్ట్ వర్జీనియా కొండల్లో ఒక కలప మిల్లు చుట్టూ పెరిగిన కంపెనీ ఊరు. 52 అన్న అంకె తప్పు కాదు, 2010 జనగణనలో ఉన్నదే. ఒకప్పుడు అక్కడ ఇరవై వేలమంది ఉండేవారన్నది మాత్రం కోత. మిల్లు జోరుగా నడిచినప్పుడూ ఊళ్లో ఉన్నది అటూ ఇటూ రెండు వేలు. చెట్లు కొట్టేవాళ్లలో చాలామంది కొండ మీది క్యాంపుల్లోనే పడుకునేవారు, నరుకుడు ఎటు కదిలితే అటు కదిలేవారు. ఇప్పటి లెక్కలో ఇంకో మెలిక ఉంది. పాత కంపెనీ ఇళ్లను టూరిస్టులకు అద్దెకిస్తున్నారు. రెండు రాత్రులు పడుకుని పోయేవాళ్లను జనగణన ఆ ఊరి జనంగా రాసుకోదు.

ఊరికి పేరొచ్చిన కాస్ అంటే ఆ రైలింజను కనిపెట్టిన దొరట. కాదు, ఆయన కాగితం కంపెనీ పెద్ద. ఇంజిను ఎఫ్రాయిం షే అనే ఇంకొకాయనది.

ఇక అసలు విషం: "పర్యావరణవాదులు కోర్టుకెక్కి చెట్లు కొట్టనివ్వలేదు, ఊరు చచ్చిపోయింది." దీన్ని మన పోడు, అటవీ చట్టాల గొడవలకు కూడా అంటించి పంపుతున్నారు, అందుకే ఒళ్లు మండుతోంది. వాళ్లు చెప్పే మొనాంగహేలా దావా పడింది 1973లో, అప్పీలు కోర్టు తీర్పు వచ్చింది 1975లో. కాస్ మిల్లు మూతపడింది 1960 జూలై 1న. పదమూడేళ్ల తర్వాత పడిన దావా వెనక్కి నడిచి వచ్చి రంపం ఆపిందా? పైగా ఆ దావా మొనాంగహేలా అనే ప్రభుత్వ జాతీయ అడవి గురించి. కాస్ కలప వచ్చింది కంపెనీ సొంత భూమి నుంచి.

అడవి ఎలా అయిపోయిందో అడితి లెక్కలో చూడండి. ఒక బోర్డు ఫుట్ అంటే అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం. మిల్లు మంచి ఊపులో ఉన్నప్పుడు 11 గంటల షిఫ్టుకు 1,25,000 బోర్డు ఫుట్‌లు కోసేది. రోజుకు రెండు షిఫ్టులు, వారానికి ఆరు రోజులు, మొత్తం 15 లక్షలు. పన్నెండు బోర్డు ఫుట్‌లు ఒక సీఎఫ్‌టీ (ఘనపుటడుగు) కాబట్టి వారానికి 1,25,000 సీఎఫ్‌టీలు. ఆ కొండల్లోని ఎర్ర స్ప్రూస్ చెట్టు దూలానికి పనికొచ్చే లావు కావాలంటే తరం దాటాలి. నరికిన చోట వదిలేసిన కొమ్మలూ కొసలూ ఎండి, ఇంజిను నిప్పురవ్వ పడితే చాలు, ఆకులు కుళ్లి ఏర్పడ్డ పైమట్టి కూడా కాలిపోయేది. కొన్నిచోట్ల కింద రాయి తేలింది. రాతి మీద స్ప్రూస్ మొలవదు. 1942లో మోవర్ అనే కలప కంపెనీ మిల్లునూ అడవినీ కొనేనాటికే పాత అడవి పోయింది, వాళ్లు కోసింది రెండో విడత చెట్లు. ఇందులో కోర్టు ఎక్కడుందో ఫార్వర్డ్ చేసినవాళ్లే వెతికి చెప్పాలి.

"ఊటీ రైలులాగే పళ్ల పట్టాతో ఎక్కుతుంది" అన్నారు. పళ్లున్నాయి, కానీ పట్టాకు కాదు, ఇంజినుకు. కాస్‌లోని షే ఇంజినులో మూడు సిలిండర్లు కుడిపక్కన నిలువుగా ఉంటాయి. వాటి బరువుకు సరితూగేలా బాయిలర్‌ను ఎడమకు జరిపి కూర్చోబెడతారు. సిలిండర్లు పక్కనున్న పొడవాటి షాఫ్టును తిప్పుతాయి, షాఫ్టు మీది పళ్లచక్రాలు బొగ్గూ నీళ్లూ మోసే భాగం కిందివాటితో సహా అన్ని చక్రాలనూ తిప్పుతాయి. లాగుడు కుదుపు లేకుండా సమంగా ఉంటుంది కాబట్టి చక్రం ఊరికే జారదు. షాఫ్టు కీళ్లు మలుపులో వంగుతాయి కాబట్టి వంకర పట్టా మీదా నడుస్తుంది. వేగం మాత్రం అడక్కండి. ఊటీ దారి 1 ఇన్ 12, దానికి పళ్ల పట్టా కావాల్సి వచ్చింది. కాస్ దారిలో కొన్నిచోట్ల వందడుగులకు పదకొండడుగుల ఎత్తు, అంటే 1 ఇన్ 9, అదీ మామూలు పట్టా మీద. ఇక్కడ మెసేజ్ గొప్పలు పోలేదు, ఉన్న గొప్పనే తగ్గించింది.

"దయ్యాల ఊరు" కూడా కాస్ కాదు. అది కొండ మీద 3,853 అడుగుల ఎత్తున ఉన్న, చెట్టు పేరే పెట్టుకున్న స్ప్రూస్ అనే ఊరు, రైలు తప్ప దారి లేనిది.

ఇక ప్రభుత్వం సంగతి. పాత ఇనుము కింద పోవాల్సిన లైనును 1961లో వెస్ట్ వర్జీనియా రాష్ట్రం కొన్నది, 1963లో టూరిస్టు రైలు వేసింది. 1977లో ఊరినీ పార్కులో కలిపేసింది. ప్రజల డబ్బు పెట్టిన మాట నిజమే, ఒప్పుకుంటాను. కానీ 2015 నుంచి రైలు నడిపేది ప్రైవేటు కంపెనీ. టిక్కెట్టు కొని 11 మైళ్లు ఎక్కి బాల్డ్ నాబ్ అనే శిఖరం చేరినవాళ్లు కాసేపు కొండలు చూసి అదే రైలులో దిగివస్తారు. ఆ శిఖరం మీద ఊరే లేదు, ఆ 52 మందికి అక్కడ పనేముంటుంది?

మన ప్యాసింజర్లు ఎత్తేయడం తప్పే. మళ్లీ వేయమని అర్జీ రాయండి, నేనూ సంతకం పెడతాను. కాస్ పేరు మాత్రం అందులోంచి కొట్టేయండి.