అది బూజు కాదు, టైగర్ మాత్ రెక్కల తీగలు

సంక్రాంతి పనుల్లో భాగంగా నిన్న మధ్యాహ్నం మా పిన్ని నా గది దులిపింది. సాయంత్రం నేను ఇంటికి వచ్చి పుస్తకాల బీరువా పై అర వైపు చూసేసరికి, పదకొండు నెలలు కూర్చుని కట్టిన నా టైగర్ మాత్ అనే పాతకాలపు శిక్షణ విమానపు ప్లాస్టిక్ మోడల్‌కు పైరెక్క, కిందిరెక్కల మధ్య ఒక్క తీగ కూడా మిగలలేదు. ఏమైందని అడిగితే, "దానికి బూజు పట్టిందిరా నాన్నా, తడిగుడ్డతో శుభ్రంగా తుడిచేశాను" అని ప్రేమగానే చెప్పింది. ఆమె మీద నాకు కోపం లేదు. పండగ ముందు ఇల్లంతా ఒంటిచేత్తో దులిపిన మనిషి కళ్లకు వెంట్రుకకన్నా సన్నని ఆ తీగలు బూజులాగే కనిపించి ఉంటాయి. నా కోపమంతా ఆ వెంటనే హాల్లోంచి బాబాయి అన్న మాట మీద. "ప్లాస్టిక్ బొమ్మే కదరా, దానికింత బాధ దేనికి? ఇంకొకటి కొనుక్కో."

ఆ మాట రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు. ఇంకొకటి కొనుక్కుంటే పోయినది తిరిగి రాదు, ఎందుకంటే నిన్న పోయిన వాటిలో ఒక్కటి కూడా విడిభాగాలతో వచ్చే కిట్ పెట్టెలో వచ్చింది కాదు. పెట్టెలో వచ్చిన రెక్కలు, చట్రం, చక్రాలు, తోక అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. పోయినవన్నీ నా చేతులతో చేసి, నా కళ్లు కాయలు కాచేలా చూసుకుంటూ అతికించినవి. కిట్లు కట్టే మీలో చాలామంది ఈ మాట ఏదో ఒక రోజు పడే ఉంటారు గనుక, మీ దగ్గరే చెప్పుకుంటున్నాను.

1/72 కొలత అంటే అసలు విమానంలో ఆరు అడుగులు మన చేతిలో ఒక అంగుళం అవుతుంది. టైగర్ మాత్ రెక్కల చివరి నుంచి చివరికి 8.94 మీటర్లు ఉంటుంది కాబట్టి, మోడల్ 12.4 సెంటీమీటర్లకు వస్తుంది, అంటే అరచేతిలో ఇమిడిపోతుంది. ఆ కొలతలో కిట్‌లోని రెక్క వెనుక అంచు మందం అర మిల్లీమీటరు ఉందనుకోండి, చూసేవారికి అది పలుచగానే కనిపిస్తుంది. 72తో గుణించి చూడండి, 36 మిల్లీమీటర్లు. చెక్క చట్రం మీద గుడ్డ బిగించి, డోప్ అనే వార్నిష్ లాంటి ద్రవం పూసిన రెక్కకు వెనుక అంచు అంత మందంగా ఎక్కడ ఉంటుంది? అందుకే పైనా కిందా కలిపి నాలుగు రెక్కలనూ లోపలి వైపు నుంచి సాండ్‌పేపర్ మీద రుద్దుతూ, వెలుతురుకు పెట్టి చూసుకుంటూ, మళ్లీ రుద్దుతూ మూడు ఆదివారాలు గడిపాను. రెక్క మీద పక్కటెముకల, అంటే గుడ్డ కింది అడ్డపట్టీల గీతలు కూడా కిట్‌లో మరీ ఎత్తుగా ఉంటే, వాటినీ చేతివేలికి తగిలీ తగలనంత వరకు తగ్గించాను. అసలు విమానంలో గుడ్డ బిగువుగా ఉంటుంది గాని ఆకలితో ఎండిపోయిన పశువు డొక్కలా లోపలికి కుంగి ఉండదు.

కాక్‌పిట్ సంగతి చెప్పాలంటే ఇంకొక పోస్టు కావాలి. టైగర్ మాత్‌లో ముందొక సీటు, వెనుకొక సీటు ఉంటాయి. ఒంటరిగా ఎగిరేవారు వెనుక సీటులో కూర్చుంటారు. ఉక్కు గొట్టాల చట్రం లోపలి నుంచి కనిపిస్తుంది. కిట్‌లో ఆ స్థానంలో నున్నటి గోడ మాత్రమే ఉంది. కిట్ భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ కడ్డీని, అంటే స్ప్రూను, కొవ్వొత్తి మంట మీద వేడి చేసి సన్నగా సాగదీసి, ముక్కలుగా కోసి, ఆ చట్రమంతా కట్టాను. బెల్టులకు అల్యూమినియం ఫాయిల్ వాడాను. ఒంటరిగా ఎగిరే ముందు ముందుసీటు బెల్టులు వదులుగా వేలాడకుండా బిగించి కట్టేస్తారు గనుక, ముందుసీటులో వాటిని కట్టేసి, వెనుక సీటులో విప్పి ఉంచాను. అది ఎవరికీ కనిపించదని మా ఇంట్లోవాళ్లు అంటారు. నాకు తెలుసు కాబట్టి నాకు కనిపిస్తుంది.

ఇక ఆ తీగలు. రెండు రెక్కల విమానానికి తీగలు అలంకారం కాదు. విమానం చట్రం అడుగు నుంచి, రెండు రెక్కలనూ కలిపే బయటి స్తంభాల పైకొసల దాకా వెళ్లే తీగలు, విమానం గాలిలో ఉన్నప్పుడు రెక్కలను పైకి లాగే బలాన్ని మోస్తాయి. పైరెక్క మధ్యభాగం నుంచి కిందిరెక్క బయటి స్తంభాల దాకా వచ్చేవి, విమానం నేల మీద ఉన్నప్పుడు రెక్కల బరువును మోస్తాయి. అవి లేకపోతే అసలు విమానమే నిలబడదు. అవి లేని మోడల్‌ను నేను టైగర్ మాత్ అని పిలవలేను. సాగదీసిన స్ప్రూను 0.08 మిల్లీమీటర్ల మందానికి తెచ్చాను, అంటే అసలు విమానంలో దాదాపు 6 మిల్లీమీటర్ల తీగ. చేతితో తిప్పే చిన్న డ్రిల్‌తో రంధ్రాలు వేసి, రెండు కొసలూ జిగురుతో అంటించి, ఆరిన తరువాత వెలిగించిన అగరుబత్తి కొనను దగ్గరికి తెచ్చి చూపితే, వేడికి తీగ బిగుసుకుంటుంది. ఒక్క క్షణం ఎక్కువసేపు ఉంచితే తెగిపోతుంది. తోక దగ్గర చట్రం బయటికి వచ్చే నియంత్రణ తీగలతో కలిపి ఇరవైకి పైగా కట్టాను. అగరుబత్తి వాసన వస్తే ఇంట్లో పూజ జరుగుతోందని అందరూ అనుకున్నారు. ఆ పనిలో నాకున్న శ్రద్ధ అంతకు తక్కువేమీ కాదు.

ఈ విమానాన్నే ఎందుకు ఎంచుకున్నానో కూడా చెప్పాలి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మన బేగంపేటలో ప్రాథమిక విమాన శిక్షణ పాఠశాల నడిచింది, అక్కడ కుర్రాళ్లు మొదట నేర్చుకున్నది టైగర్ మాత్ మీదే. 1931లో మొదటిసారి ఎగిరి, ఎనిమిది వేలకు పైగా తయారై, ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియా దాకా ఒక తరం పైలట్లకు ఓనమాలు దిద్దించిన విమానం అది. బ్రేకులు లేవు, తోక కింద చక్రం లేదు, నేల మీద జారే ఒక ఇనుప స్కిడ్ మాత్రమే ఉంటుంది. ముందుసీటులోని శిక్షకుడు ప్రమాదంలో పారాచూట్‌తో దూకాలంటే నెత్తిన ఉన్న రెక్క అడ్డుపడుతోందని, ఆ రెక్క మధ్యభాగాన్ని ముందుకు జరిపి, సమతూకం చెడకుండా రెక్కలను వెనక్కి వాల్చారు. ఆ వాలు మోడల్‌లో సరిగ్గా రావడానికి మందపాటి అట్టతో అచ్చు కోసి, అందులో రెక్కలను కూర్చోబెట్టి, స్తంభాలను అతికించాను. నేను ప్రతి రోజూ బేగంపేట మీదుగా వెళతాను. ఆ నేల మీద నుంచి పసుపురంగు టైగర్ మాత్‌లు లేచిన రోజులు నా కళ్ల ముందు ఉండాలనే ఈ పని మొదలుపెట్టాను.

పసుపు అంటే గుర్తొచ్చింది. బూడిదరంగు ప్లాస్టిక్ మీద నేరుగా పసుపు వేస్తే ఆకుపచ్చ ఛాయతో, మురికిగా దిగుతుంది. ముందు తెల్ల ప్రైమర్, ఆ మీద పలుచని పూతలు, పూతకూ పూతకూ మధ్య ఒక రోజు ఆరబెట్టడం. తడిగుడ్డ తగిలిన చోట్ల అది కూడా లేచిపోయింది.

కానీ నన్ను నిజంగా మండించినది బాబాయి మాట కూడా కాదని ఇప్పుడు రాస్తుంటే అర్థమవుతోంది. ఆ మాట వినగానే క్రితం సంవత్సరం జరిగినది గుర్తుకొచ్చింది. అప్పుడు ఇదే టైగర్ మాత్‌ను ఒక ప్రదర్శనకు తీసుకెళ్లాను. న్యాయనిర్ణేత వంగి చూసి, "ఐలరాన్‌లు సరిగ్గా అతకలేదు, ఒకటి బాగా పైకి లేచి ఉంది, రెండోది కిందికి దిగనే లేదు" అని కాగితం మీద రాసి మార్కులు తగ్గించారు. ఐలరాన్‌లంటే విమానాన్ని పక్కకు వాల్చడానికి రెక్క వెనుక అంచున కదిలే పలకలు, టైగర్ మాత్‌కు అవి కిందిరెక్కలకే ఉంటాయి. పైకి లేచేది బాగా లేస్తుంది, కిందికి దిగవలసినది దాదాపు కదలదు, ఎందుకంటే కిందికి దిగిన ఐలరాన్ గాలికి ఎక్కువ అడ్డుపడి విమానం ముక్కును తిరగవలసిన దిక్కుకు వ్యతిరేకంగా లాగుతుంది. ఆ లాగుడు తగ్గించడానికి ఆ విమానాన్ని తయారుచేసిన డి హావిలాండ్ వాళ్లు కావాలని చేసిన ఏర్పాటు అది. కిట్‌లో రెక్కతో కలిసిపోయి వచ్చిన ఐలరాన్‌లను రంపపు బ్లేడుతో కోసి, అంచులు గుండ్రంగా తీర్చి, ఆ తేడాతోనే అతికించాను. కాక్‌పిట్‌లో ఐలరాన్‌లను కదిపే రెండు కర్రలనూ అదే వైపుకు వంచాను. ఆ కర్రలను ఆయన చూడలేదు. నేను వివరించబోతే, "వాదించకండి, చూసేవారికి వంకరగా కనిపిస్తోంది" అన్నారు. బహుమతి నేరుగా పెట్టెలోంచి తీసి, సూచనల కాగితం ప్రకారం అతికించి, మెరిసేలా వార్నిష్ పూసిన ఒక పెద్ద ప్రయాణికుల విమానానికి వెళ్లింది. దాన్ని కట్టిన కుర్రవాడి మీద నాకు ఏ ద్వేషమూ లేదు, అతని అతుకులు నిజంగా శుభ్రంగా ఉన్నాయి. కానీ తెలిసి చేసిన పనిని లోపం కింద లెక్కగట్టి, చేసినవాడు నోరు తెరిస్తే మూయించిన ఆ ఐదు నిమిషాలు నేను ఇప్పటికీ మరవలేదు.

కట్టినవాడు ఏమి నేర్చుకుని కట్టాడో అడగాలన్న ఆలోచన ఆయనకూ రాలేదు, బాబాయికీ రాలేదు. బొమ్మ అన్న మాటతో అడగవలసినదంతా అయిపోయిందనుకున్నారు. ఏ పక్కటెముక ఎంత ఎత్తు, ఏ తీగ ఏ బరువు మోస్తుంది, ఏ సీటులో ఎవరు కూర్చుంటారు అని పాత ఛాయాచిత్రాలు, కొలతల పటాలు ముందేసుకుని ఒక సంవత్సరం చదివినవాడికి ఆ మాట చెంపదెబ్బలా తగులుతుంది. అన్నం పెట్టే చేతులతోనే పిన్ని తుడిచింది కాబట్టి ఆమెను ఏమీ అనలేను. మిగతావాళ్లను అనకుండా ఉండలేను.

ఈ రోజు ఉదయం భూతద్దం పెట్టుకుని చూశాను. రంధ్రాల్లో తెగిన తీగల మొదళ్లు ఇరుక్కుపోయి ఉన్నాయి, ఒక్కొక్కటీ మళ్లీ డ్రిల్ చేయాలి. ఎడమ ఐలరాన్ బీరువా కింద దొరికింది. పైరెక్క మధ్య పెట్రోల్ ట్యాంకు మీద నిలబడే గాజుగొట్టం, పైలట్ తల ఎత్తి పెట్రోల్ ఎంత ఉందో చూసుకునేది, పారదర్శకమైన స్ప్రూతో మిల్లీమీటరు ముక్క కోసి నిలబెట్టాను, అది మాత్రం ఇంకా దొరకలేదు. దొరికేవరకు ఆ గదిలో చీపురు పెట్టవద్దని పిన్నికి చెప్పాను. తలుపు మీద కాగితం కూడా అంటించాను.