ఆవిడ ఆలోచిస్తున్నదేమిటంటే

మ్యూజియంలో ఓ బొమ్మ ముందు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఐదు నిమిషాలు నిలబడితే చాలు, మనకి కళాహృదయం ఉన్నట్టే. ఆ బొమ్మలో ఆడమనిషి నవ్వకుండా కూర్చుని ఉంటే మరీ సుఖం. "అబ్బ, ఆ కళ్లలో ఎంత అంతర్మథనం!" అనేయొచ్చు. ఆవిడ లేచొచ్చి కాదనదు కదా.

ఈ సౌకర్యం మనకి ధారాళంగా సమకూర్చిన ఇల్లాలు ఓర్తాన్స్ ఫీకే. ఫ్రెంచి చిత్రకారుడు పాల్ సెజాన్ గారి భార్య. ఆయన ఆవిడవి 29 తైలవర్ణ చిత్రాలు వేశాడు. ఒక్కదాంట్లోనూ నవ్వదు. ఒక పండితుడు దాన్ని నిర్లిప్తత అన్నాడు, ఇంకొకాయన మౌనగాంభీర్యం అన్నాడు, మొహమాటం లేనివాళ్లు విసుగుమొహం అన్నారు.

నేనూ కొంత పరిశోధన చేశాను. సెజాన్ చెయ్యి ఎంత నిదానమంటే, బొమ్మ పూర్తయ్యేలోపు ఎదురుగా పెట్టిన పూలు వాడిపోతాయని కాగితం పూలు పెట్టుకునేవాడు. 1899లో బొమ్మల వ్యాపారి వొల్లార్‌ని 115 సార్లు కూర్చోబెట్టి, చివరికి "చొక్కా ముందుభాగం ఫర్వాలేదు" అన్నాడట. మధ్యలో ఆయన కునుకు తీసి దబ్బున కిందపడితే, "ఆపిల్ పండు కదులుతుందా?" అని కేకలేశాడట. బయటివాడికే ఈ మర్యాద. ఇంట్లో మనిషి సంగతి మీరే ఊహించుకోండి.

పైగా ఆ కాపురం ఓ రహస్యం. ఇద్దరికీ పరిచయం 1869లో, కొడుకు పుట్టింది 1872లో. బ్యాంకు యజమాని అయిన తండ్రికి తెలిస్తే నెలనెలా వచ్చే డబ్బుకి గండి పడుతుందని పెద్దాయన దగ్గర దాచాడు. పెళ్లి 1886లో! అప్పటికి పిల్లాడికి పద్నాలుగేళ్లు. ఇన్నేళ్లు దాచిన మనిషి ఎదురుగా కూర్చుని "కదలకు" అంటుంటే, ఏ ఆడదానికి నవ్వొస్తుంది?

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఎర్ర గౌను బొమ్మ ఉంది, చూడండి. గోడ మీది పట్టీ వాలింది, పసుప్పచ్చ కుర్చీ ఒరిగింది, దాంతోపాటు ఆవిడా ఒరిగింది. ఇది దృక్కోణంలో విప్లవమట, వస్తువుల్ని కోణాలుగా, ముక్కలుగా వేసే క్యూబిజం అనే చిత్రశైలికి దారి చూపిందట. కావచ్చు. నా వినయపూర్వకమైన సిద్ధాంతం వేరు: మూడో గంటకి నడుం పట్టేస్తే ఎవరైనా అలాగే ఒరుగుతారు.

సిద్ధాంతానికి రుజువు కావాలి కాబట్టి మొన్న ఆదివారం మా ఆవిణ్ణి కిటికీ పక్కన కూర్చోబెట్టి ఫోన్లో ఫొటో తీశాను. అద్భుతంగా వచ్చింది. అరమూసిన కళ్లు, ఎక్కడో దూరంగా ఆలోచన. ఫ్యామిలీ గ్రూపులో పెడితే మా పిన్ని కూతురు "వదినా, ఏం డెప్త్!" అని రాసింది.

కుక్కర్ వేసిన విజిల్ మూడోదా నాలుగోదా అని లెక్క చూసుకుంటోందట.