టపా బండికి రెండో ఉద్యోగం

అమెరికా వీధుల్లో తిరిగే తెల్లటి పోస్టల్ వ్యాన్‌ను ఒకసారి పక్కనుంచి చూడండి. అక్కడ బండ్లన్నీ రోడ్డుకు కుడివైపున నడుస్తాయి కాబట్టి స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. ఈ వ్యాన్‌కు మాత్రం కుడివైపు. పోస్ట్‌మ్యాన్ సీట్లోంచి లేవకుండానే చెయ్యి చాపి, రోడ్డు అంచున ఉన్న డబ్బాలో ఉత్తరాలు వేసేస్తాడు. మామూలు కారులో పక్కసీటు ఉండే చోట ఉత్తరాల ట్రేలు పెట్టుకునే బల్ల ఉంటుంది. తలుపులు పక్కకు జరుగుతాయి, వెనక షట్టర్ పైకి చుట్టుకుంటుంది. పది గజాలు పోవడం, ఆగడం, చెయ్యి చాపడం. బండి పుట్టిందే ఆ పని కోసం.

ఇలాంటి బండి రిటైరయ్యాక దాన్ని ఏం చేయొచ్చని అడిగితే ఎక్కువమంది చెప్పేవి రెండే: ఫుడ్ ట్రక్, లేదా లోపలే పడుకుంటూ ఊళ్లు తిరిగే క్యాంపర్ వ్యాన్. నా లెక్కలో దీనికి అస్సలు నప్పనివి కూడా ఆ రెండే.

గ్రమ్మన్ సంస్థ 1987 నుంచి 1994 వరకు ఈ వ్యాన్లను లక్షకు పైగా తయారుచేసింది. పేరే ‘లాంగ్ లైఫ్ వెహికల్’, ముద్దుగా ఎల్ఎల్‌వీ. షెవ్రొలే ఎస్-10 చాసిస్, దాని మీద అల్యూమినియం బాడీ, చాలావాటిలో 2.5 లీటర్ల ఇంజన్, మూడు గేర్ల ఆటోమేటిక్. ఏసీ లేదు, ఎయిర్‌బ్యాగులు లేవు. 24 ఏళ్లు నడిస్తే చాలనుకున్న బండి 30 ఏళ్లు దాటేసింది. ఇప్పుడు ఆష్‌కోష్ కంపెనీ కొత్త వ్యాన్లు వస్తున్నాయి. 2028 నాటికి 1,06,000 కొత్త బండ్లు, వాటిలో 66,000 ఎలక్ట్రిక్‌వి తీసుకుంటామని అమెరికా పోస్టల్ శాఖ 2022 డిసెంబరులో ప్రకటించింది.

ముందు క్యాంపర్ సంగతి. మూడు గేర్ల బండిని హైవే ఎక్కిస్తే ఇంజన్ గోల తప్ప వేగం ఉండదు. రెండు లేన్ల రోడ్డు మీద ముందున్న లారీని దాటాలంటే కుడివైపు సీట్లోంచి ఎదురుగా ఏం వస్తోందో కనపడదు. బండి దిగకుండా బర్గర్ తీసుకునే హోటల్ కిటికీ కూడా అవతలి పక్కనే ఉంటుంది! ముందు చక్రాల మధ్య దూరం వెనక చక్రాల కన్నా తక్కువ, పైగా రియర్ వీల్ డ్రైవ్, అంటే ఇంజన్ తిప్పేది వెనక చక్రాలనే. మంచు పడితే జారుడే. ఇక అల్యూమినియం రేకు పగలు పెనంలా కాలుతుంది, రాత్రి లోపల మనుషులు పడుకుంటే వాళ్ల ఊపిరికే గోడలు చెమ్మగిల్లుతాయి. వీటన్నిటికీ మందు ఉంది కానీ ఆ ఖర్చుతో మామూలు వ్యాన్ ఒకటి కొనుక్కోవచ్చు.

ఫుడ్ ట్రక్ దగ్గర అసలు చిక్కు బరువు. ఎల్ఎల్‌వీ మోయగలిగేది 1,000 పౌండ్లు, అంటే దాదాపు 450 కిలోలు. ఇద్దరు మనుషులు 140 కిలోలు. గిన్నెలకి, చేతులకి 40 గ్యాలన్ల నీళ్లు తీసుకెళ్తే ఇంకో 150. వాడేసిన నీళ్లకు వేరే ట్యాంకు ఎలాగూ పెట్టాలి. మిగిలిన 160 కిలోల్లోనే పెనం, ఫ్రయర్, ఫ్రిజ్, గ్యాస్ సిలిండర్, జనరేటర్, పొగ బయటికి లాగే హుడ్, సింకులు, సరుకు అన్నీ ఇమడాలి. ఇమడవు. మరి రోడ్ల మీద కనిపించే ఫుడ్ ట్రక్కుల సంగతి? అవి చాలావరకు స్టెప్ వ్యాన్లు, అంటే లోపల నిలబడి తిరగగలిగేంత పెద్ద డెలివరీ బండ్లు. చూడ్డానికి వీటికి అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ మోత వేరు.

ఇప్పుడు తిరగేసి చూద్దాం. బండి ఎలా కనిపిస్తోందని కాకుండా, ఇన్నేళ్లూ ఏం చేసిందని అడిగితే దారి దొరుకుతుంది. డ్రైవర్ ఫుట్‌పాత్ వైపే కూర్చుంటాడు. కొనేవాళ్లు రోడ్డు మీద నిలబడక్కర్లేదు, అమ్మేవాడు సీటు దిగక్కర్లేదు. పూలు, కూరగాయలు, రొట్టెలు వీధివీధికీ తీసుకెళ్లి అమ్మడానికి ఇంతకన్నా అనువైన బండి ఉండదు. సైకిళ్లు బాగుచేసేవాళ్లకి, కత్తులు సానపట్టేవాళ్లకి ట్రేల బల్ల ఉన్నచోటే పనిబల్ల అమరిపోతుంది. షట్టర్ ఎత్తితే దుకాణం, దించితే తాళం.

నాకు అన్నిటికన్నా నచ్చేది సంచార గ్రంథాలయం. 1905లో మేరీల్యాండ్ రాష్ట్రం వాషింగ్టన్ కౌంటీలో మేరీ టిట్‌కోంబ్ అనే లైబ్రేరియన్ గుర్రపు బండి మీద పల్లెలకు పుస్తకాలు పంపారు. అమెరికాలో అలాంటి మొదటి బండిగా దాన్ని చెప్పుకుంటారు. ఆ బండికి అరలు లోపల కాదు, బయటి పక్కల మీద ఉండేవి. తలుపులు తెరిస్తే చాలు, జనం రోడ్డు మీద నిలబడే పుస్తకాలు ఏరుకునేవారు. 1910లో రైలు గుద్ది బండి ముక్కలైంది. 1912లో మోటారు బండి వచ్చింది. ఇరుకు పోస్టల్ వ్యాన్‌కు నప్పేది ఆ పాత పద్ధతే. పాఠకుల్ని లోపలికి ఎక్కించడం కాదు, అరల్ని వాళ్ల చేతికి అందేలా బయటికి తిప్పడం. డ్రైవర్, అరల బరువు పోగా 320 కిలోలు మిగులుతాయి అనుకుంటే, పుస్తకం అరకిలో చొప్పున ఆరొందలకు పైనే పడతాయి. ఒక పేటకు అది చిన్న సంఖ్య కాదు.

బ్యాటరీ బండిగా మార్చాలనుకునేవాళ్లకి కూడా ఇది మంచి సరుకే. తక్కువ దూరం, తక్కువ వేగం, మాటిమాటికీ బ్రేకు. అయితే బ్యాటరీ బరువు కూడా ఆ 450 కిలోల్లోంచే పోతుందని మర్చిపోకూడదు.

అసలు నడపాలని ఎందుకు పట్టుబట్టాలి? అల్యూమినియం బాడీకి ఇనుములా తుప్పు పట్టదు, కింద ఉన్న స్టీలు ఫ్రేముకు పడుతుంది. చాలా బండ్లలో కాళ్లు పడిపోయినా ఒళ్లు గట్టిగానే ఉంటుంది. ఇంజన్ తీసేసి దిమ్మెల మీద కూర్చోబెడితే తోట పనిముట్ల గదిగానో, పిల్లలు స్కూలు బస్సు కోసం ఆగే షెడ్డుగానో ఇంకో ఇరవై ఏళ్లు పనికొస్తుంది.

కొనబోయేవాళ్లు ముందు కిందికి వంగి ఫ్రేమును చూడాలి, తర్వాత వైరింగ్‌ను. నడిరోడ్డు మీద ఈ ముసలి వ్యాన్లకు మంటలు అంటుకున్న సంగతి వార్తల్లో చాలాసార్లే వచ్చింది. తపాలా గుర్తులు, పోస్టల్ శాఖ చిహ్నమైన గద్ద బొమ్మ పూర్తిగా చెరిపేయాలి. పోస్టల్ బండి అనుకుని మోసపోయేవాళ్లు ఉంటారు మరి.

అయితే ఎల్ఎల్‌వీల్లో ఎక్కువ భాగం జనం చేతికి రానేరావు, తుక్కుకే పోతాయి. అదేం ఘోరం కాదు. ఖనిజం నుంచి కొత్త అల్యూమినియం తీయడానికి అయ్యే శక్తిలో దాదాపు 5 శాతంతోనే పాతది కరిగించి వాడుకోవచ్చు. వీటికి ముందు తరం డీజే-5 జీపులు మాత్రం రిటైరయ్యాక బాగానే అమ్ముడుపోయాయి. వాటిని కొన్నవాళ్లలో పల్లె రూట్ల పోస్ట్‌మ్యాన్లూ ఉన్నారు. సొంత బండి మీదే ఉత్తరాలు పంచాల్సిన వాళ్లకి కుడివైపు స్టీరింగ్ ఉన్న బండి ఇంకెక్కడ దొరుకుతుంది? అలా కొన్ని జీపులు ఒక చోట రిటైరై, ఇంకో చోట మళ్లీ టపా పనిలోనే చేరాయి.