0.12 అంటే ఏంటో రాయడానికి ఒక్క లైను చాలు

"పని చేస్తోంది కదన్నా, ఇంకేం కావాలి?" అని కోడ్ రాసినవాళ్లు అంటే ఒళ్లు మండుతుంది. పని చేయడం కనీస అర్హత. ఆ కోడ్‌ని రేపు ఇంకొకరు తెరిచి, చదివి, భయపడకుండా మార్చగలిగితేనే నా లెక్కలో అది పూర్తయినట్టు.

తిరుపతిలో మాలాంటి చిన్న ఆఫీసులకు వచ్చే పని ఎక్కువగా లాడ్జి బిల్లింగు, స్కూలు ఫీజులు, ట్రావెల్స్ బుకింగులు. రాసినవాళ్లు ఏడాదికో రెండేళ్లకో బెంగళూరో చెన్నైయో వెళ్లిపోతారు, అందులో తప్పేం లేదు, మంచి జీతం వస్తే ఎవరైనా వెళ్తారు. సాఫ్ట్‌వేర్ మాత్రం ఇక్కడే రిసెప్షన్ టేబుల్ మీద ఉంటుంది. దాన్ని చూసుకోవాల్సింది నిన్నగాక మొన్న చేరిన ఫ్రెషర్.

2025 సెప్టెంబర్ 22న రోజుకు 7,500 రూపాయల లోపు గదులకు జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది. 24 నుంచి తిరుమలలో బ్రహ్మోత్సవాలు, గదులు దొరకని రోజులు. రేటు మార్చడం ఎంతసేపు అనుకుంటాం కదా? ఒక లాడ్జి కోడ్ తెరిస్తే ఒక ఫైల్లో 0.12, ఇంకోచోట మొత్తాన్ని నేరుగా 1.12తో గుణించేశారు, బిల్లు ప్రింటయ్యే చోటేమో సీజీఎస్టీకి 6, ఎస్‌జీఎస్టీకి 6. సరే, వెతికి అన్నీ మార్చేద్దామంటే ఆ 0.12లలో ఒకటి అసలు పన్నే కాదు, ఏజెంటు కమీషన్! కళ్లు మూసుకుని మార్చేసి ఉంటే పాపం ఆ ఏజెంట్ల డబ్బు సగానికి పైగా పోయేది. ఈ లెక్క చేసే ఫంక్షన్ పేరేమో కాల్క్2, దేని లెక్కో తెలియదు. కామెంటు, అంటే కోడ్‌లో చదివేవాళ్ల కోసం రాసే వివరణ, ఉన్నది ఒక్కటే: 'ఏ ని బి తో గుణిస్తున్నాం' అని. అది కనపడుతూనే ఉంది కదా స్వామీ, ఎందుకు గుణిస్తున్నావో చెప్పు!

రేటుకి ఒక పేరు పెట్టి, ఎప్పటినుంచి వర్తిస్తుందో తేదీతో సహా ఒకే టేబుల్లో ఉంచి ఉంటే కొత్త వరస ఒకటి చేరిస్తే సరిపోయేది. పాత బిల్లు మళ్లీ ప్రింట్ తీసినా పాత రేటే వచ్చేది.

ఇది చిన్న ఆఫీసుల జబ్బు అని కొట్టిపారేయకండి. శ్రీహరికోట ఉన్న జిల్లా మనది కాబట్టి రాకెట్ సంగతే చెప్తా. 1996 జూన్ 4న యూరప్ వాళ్ల ఏరియాన్ 5 మొదటి ప్రయోగంలోనే దాదాపు 40 సెకన్లకు ముక్కలైపోయింది. ఏరియాన్ 4 నుంచి తెచ్చుకున్న కోడ్‌లో 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలోకి మార్చబోతే పట్టలేదు. ఇలా పట్టకపోతే ఆగిపోకుండా కొన్ని వేరియబుల్స్‌కి (కోడ్‌లో విలువలు ఉంచే పేర్లకి) రక్షణ పెట్టి, కొన్నింటికి తెలిసే వదిలేశారు. ఎందుకు వదిలేశారన్న కారణం సోర్స్ కోడ్‌లో ఎక్కడా లేదని విచారణ బోర్డు తన రిపోర్టులో రాసింది.

మేనేజర్లూ, ఎస్టిమేట్ వేసేటప్పుడు పేర్లు సరిచేయడానికి, కారణాలు రాయడానికి ఓ అరపూట కలపండి, క్లయింటు ఏమీ అనడు. కొత్తగా చేరిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, కోడ్ అర్థం కాకపోతే మీకు తెలివి లేదని కుమిలిపోకండి. రాసినవాళ్లకి ఫోన్ చేసి అడగండి, వాళ్లు చెప్పింది ఆ లైను పైనే కామెంటుగా రాసి పెట్టండి.